బౌజర్ పుస్తకం తెరిచాకే సోలార్ మాట

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం ఒడిశాలోని గంజాం జిల్లావే. పోర్టుల్లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరై బరంపురంలోనే ఉంటున్నాను కదా, ఎడిటర్ గారు వాటన్నిటినీ ఒక కవర్లో పెట్టి నాకే పంపించేశారు. మొదటి ప్రశ్నకు జవాబు పెద్దది. ఓపిక చేసుకుని చదవండి.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది సోంపేట. గోపాలపూర్ దగ్గర కార్గో హ్యాండ్లింగ్ సంస్థలో ఎలక్ట్రికల్ ఇంజినీరుగా చేస్తున్నాను. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి ఎక్కించి దించే పని మాది. పదేళ్లలో డీజిల్ తగ్గించుకుని క్లీన్ ఎనర్జీకి మారే ప్లాన్ రాసివ్వమని నాకు అప్పగించారు. ముందు ఆఫీసు, గోడౌన్ల పైకప్పుల మీద 200 కిలోవాట్ల సోలార్ పెట్టేద్దాం, కనబడే పని అవుతుంది అంటున్నారు పెద్దలు. నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఇంజినీరు, గోపాలపూర్

జవాబు: టెన్షన్ ఎందుకు బాబూ, సోలార్ పెట్టించండి. పెట్టడం మంచిదే. దాన్నే ప్లాన్ అనుకుంటేనే చిక్కు. లెక్క చూడండి. మన తీరంలో ఒక కిలోవాట్ సోలార్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. 200 కిలోవాట్లకు నెలకు 24,000 యూనిట్లు. లీటరు డీజిల్ ఇంజిన్‌లో కాలిస్తే చేతికొచ్చే పని మూడు, మూడున్నర యూనిట్ల కరెంటుతో సమానం. మిగతాదంతా వేడిగా, పొగగా పోయేదే. అంటే మీ పైకప్పుల కరెంటంతా కలిపినా నెలకు ఏడు వేల చిల్లర లీటర్ల డీజిల్ పాటిది. పైగా ఆ ఏడు వేల లీటర్లు కూడా తగ్గవు. ఆఫీసు మీది కరెంటు ఆఫీసు ఏసీలకే పోతుంది. యార్డులో లోడర్ నిన్న ఎంత తాగిందో ఇవాళా అంతే తాగుతుంది.

అందుకని మొదటి పని బౌజర్ పుస్తకం అడగడం. యార్డులో బండ్లకు డీజిల్ పోస్తూ తిరిగే బౌజర్ క్యాబిన్‌లో ఒక పొడుగు రిజిస్టరు ఉంటుంది. అట్ట నిండా నూనె మరకలు, పెన్ను పని చేయక పెన్సిల్‌తో లాగించిన పేజీలు, బండి నంబరు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే అవర్ మీటర్ రీడింగు, లీటర్లు, ఆపరేటర్ పొట్టి సంతకం. అకౌంట్స్ వాళ్లిచ్చే స్టేట్‌మెంట్ మీకు చాలదు. అందులో నెల మొత్తమే ఉంటుంది. ఏ షిఫ్టులో ఏ బండి ఎన్ని గంటలు తిరిగి ఎంత తాగిందో ఈ రిజిస్టర్లోనే దొరుకుతుంది. ఏడాది పుస్తకాలు తెప్పించండి. వర్షాకాలం ఒక తీరు, ఎండాకాలం ఒక తీరు. నెల రోజుల లెక్కతో పదేళ్ల ప్లాన్ వేయకూడదు.

ఆ పుస్తకాన్ని, లోడు బండిని తూచే వే బ్రిడ్జి చీటీల పక్కన పెట్టి చూడండి. అవర్ మీటర్ పది గంటలు తిరిగినట్టు చూపిస్తుంది, చీటీలు చూస్తే ఆరు గంటల ట్రిప్పులే ఉంటాయి. మిగిలిన నాలుగు గంటలు బండి హాపర్ (సరుకు పోసే పెద్ద గరాటు) కింద వరసలో ఇంజిన్ ఆన్‌లో నిలబడింది. డ్రైవర్‌ను తిట్టి లాభం లేదు. మే నెల ఎండలో క్యాబిన్ ఏసీ ఆపమని ఎవరు చెప్పగలరు? వరస తగ్గేలా ట్రిప్పులు సర్దడం, ఆగే చోట నీడ వేయించడం మీ సంస్థ చేతిలో ఉన్నవే. బ్యాటరీ బండ్ల కొటేషన్లు పిలవక ముందే కొంత డీజిల్ ఇక్కడ మిగులుతుంది. ప్లాన్‌లో మొదటి పేజీ ఇదే అవ్వాలి. చదివితే పెద్దగా అనిపించదు, అది వేరే సంగతి.

మీలాంటి బల్క్ కార్గో (విడిగా గుట్టలు పోసే సరుకు) పోర్టుల్లో నేను చూసినంతలో డీజిల్‌లో ఎక్కువ వాటా టిప్పర్లది, లోడర్లది. తర్వాత హార్బర్ క్రేన్లది. కంటైనర్ పోర్టుల ప్లాన్లు ఇంటర్నెట్ నిండా ఉంటాయి, వాటిని దించుకుంటే మీకు అతకవు. వాళ్లకు యార్డు క్రేన్లు ముఖ్యం, మీకు బొగ్గు, ఖనిజం గుట్టలు ముఖ్యం. నా మాట అడిగితే మీ పోర్టుకు అన్నిటికన్నా పెద్ద క్లీన్ ఎనర్జీ యంత్రం కన్వేయర్ బెల్టు. బెర్తు (ఓడను కట్టే గట్టు) నుంచి స్టాక్ యార్డు దాకా సరుకు టిప్పర్‌లో పోతుంటే ప్రతి ట్రిప్పులో ఖాళీ బండి బరువును కూడా మోసుకెళ్లి మోసుకొస్తున్నారు. బెల్టుకు ఆ దండగ లేదు, అది కరెంటుతోనే నడుస్తుంది, మీద మూత వేస్తే దుమ్ము కూడా తగ్గుతుంది. పెట్టుబడి ఎక్కువే. అయినా పదేళ్ల ప్లాన్ కాబట్టి దాని జాగా ఇప్పుడే గీసి పెట్టండి. ఆ దారిలో రేపు ఎవరో గోడౌన్ కట్టేస్తే ఇక ఎప్పటికీ టిప్పర్లే.

కొలత విషయంలో ఒక జాగ్రత్త. కేంద్ర ప్రభుత్వం 2023లో హరిత్ సాగర్ పేరుతో గ్రీన్ పోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. టన్ను సరుకుకు వెలువడే కార్బన్‌ను 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గించాలన్నది అందులో లక్ష్యం. అవి ముఖ్యంగా కేంద్రం కిందున్న మేజర్ పోర్టుల కోసం రాసినవి, గోపాలపూర్ ఆ జాబితాలో లేదు. అయినా కొలత మంచిదే, వాడుకోండి. టన్ను లెక్క మాత్రమే చూపిస్తే ఒక మాయ ఉంది. సరుకు రెట్టింపైతే టన్నుకు డీజిల్ తగ్గుతుంది, ఊరి మీదికొచ్చే పొగ మాత్రం పెరుగుతుంది. వెయ్యి టన్నులకు ఎన్ని లీటర్లు, ఏడాదికి మొత్తం ఎన్ని లీటర్లు – రెండూ పక్కపక్కనే రాయండి. రెండోది తీసేయమని ఎవరైనా అంటే ఎందుకని అడగండి.

ఇప్పుడు వైర్ల సంగతి. అందరూ బండ్లు, బ్యాటరీలు అంటారు గానీ ప్లాన్లు ఎక్కువగా ఆగిపోయేది సబ్‌స్టేషన్ దగ్గర. క్రేన్‌ను డీజిల్ నుంచి కరెంటుకు మార్చడం చాలా మోడళ్లకు కుదురుతుంది. ఈ కాలపు హార్బర్ క్రేన్లలో కొన్ని రకాలు లోపల కరెంటు మోటార్లతోనే నడుస్తాయి, వాటిలో డీజిల్ ఇంజిన్ జనరేటర్‌ను తిప్పడానికే. బయటి నుంచి కేబుల్ రీలుతో సరఫరా ఇస్తే ఇంజిన్ ఆపేయొచ్చు, గ్రాబ్ (సరుకును పట్టి లేపే ఇనుప దోసిలి) కిందికి దిగేటప్పుడు కొంత కరెంటు వెనక్కి కూడా ఇస్తుంది. అయితే రెండు క్రేన్లు ఒకేసారి నిండు గ్రాబ్ లేపిన క్షణంలో మీ కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) దాటిపోతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోయదు. కొత్త ఫీడరు, ట్రాన్స్‌ఫార్మర్, డిస్కం అనుమతి, కేబుల్ ట్రెంచి, అన్నీ కలిసి యంత్రం కొనడం కన్నా ఎక్కువ కాలం తీసుకుంటాయి. అందుకే యంత్రాలకు ముందే వైర్ల ఆర్డరు వెళ్లాలి. పదేళ్ల తర్వాతి లోడుకు సరిపడా ట్రెంచిలు ఇప్పుడే తవ్వించండి. కేబుల్ తర్వాత లాగొచ్చు గానీ నడిచే బెర్తును మళ్లీ పగలగొట్టి తవ్వనివ్వరు.

సబ్‌స్టేషన్ ఎంత ఎత్తున ఉండాలో మీకు వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తీరం దాటింది మీ గోపాలపూర్ దగ్గరే. మా బరంపురంలో కరెంటు కోసం జనం ఎన్నాళ్లు ఎదురుచూశారో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఉప్పెన నీళ్లకు అందని ఎత్తులో ప్యానెల్ గదులు కట్టించండి. అలాగే, అన్నీ కరెంటుకు మారాక కూడా రెండు మూడు డీజిల్ జనరేటర్లు ఉంచుకోండి. ఫైర్ పంపు, వైర్‌లెస్, గేట్లు, తుపాను వెళ్లిన మర్నాడు దారి ఖాళీ చేసే క్రేన్ – వీటికి గ్రిడ్ ఉండదు. ఏడాదికి నాలుగు రోజులు నడిచే జనరేటర్ వల్ల ఏ లక్ష్యమూ చెడిపోదు. డీజిల్ సున్నా అని కాగితం మీద రాసుకోవడానికి వాటిని అమ్మేసే ప్లాన్ మీద నేనైతే సంతకం పెట్టను.

సోలార్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీ పెద్దలు మళ్లీ అదే అడుగుతారు. బొగ్గు గుట్టకు గాలివాలున ఉన్న గోడౌన్ మీద పలకలు పెట్టొద్దు. రాత్రి ఉప్పు మంచు కురుస్తుంది, దాని మీద బొగ్గు పొడి కూర్చుంటుంది, పొద్దున ఎండ తగిలేసరికి అద్దం మీద నల్లటి పొర పేరుకుంటుంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి తప్ప పోదు. మంచినీళ్లతో, అదీ ఎండెక్కక ముందే కడగాలి. కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పోస్తే చిట్లే ప్రమాదం ఉంది. ఆ నీళ్లు ఎక్కడివి, గుట్టల మీద దుమ్ము అణచడానికి చల్లే నీళ్లలో వాటా తీస్తారా, ముందే తేల్చుకోండి. నిజంగా డీజిల్‌కు బదులు నిలిచేంత సోలార్ కావాలంటే పైకప్పులు చాలవు. నెలకు లక్ష లీటర్ల డీజిల్ పని కరెంటుతో చేయాలంటే సుమారు మూడు లక్షల యూనిట్లు కావాలి. అంటే రెండున్నర మెగావాట్ల సోలార్, దానికి పది పన్నెండు ఎకరాలు. పోర్టులో అంత జాగా సరుకుకు ఇస్తారు గాని పలకలకు ఇవ్వరు. బయట కొనుక్కోవచ్చు. 2022 గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నిబంధనల ప్రకారం 100 కిలోవాట్ల కాంట్రాక్ట్ డిమాండ్ ఉన్నవాళ్లు కూడా వేరే చోట తయారైన సోలార్, గాలి కరెంటును గ్రిడ్ ద్వారా తెచ్చుకోవచ్చు. వీలింగ్ చార్జీలు (వైర్లు వాడుకున్నందుకు అద్దె), క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (బయట కరెంటు కొన్నందుకు డిస్కంకు కట్టే అదనపు రుసుము) కలిపి యూనిట్ ఎంత పడుతుందో చూసుకుని ఒప్పందం చేసుకోండి. విడి ధర చూసి మురిసిపోకండి.

యంత్రాలు ఎప్పుడు మార్చాలి? పాతవి చచ్చినప్పుడు. నిన్నమొన్న కొన్న లోడర్‌ను పక్కన పడేసి బ్యాటరీది కొనడం డబ్బు తగలేయడమే. ప్రతి బండికీ ఎదురుగా అది రిటైరయ్యే ఏడాది రాయండి. ఆ ఏడాదికి చార్జర్, వైరు సిద్ధంగా ఉన్నాయో లేదో పక్క గడిలో రాయండి. మీ పదేళ్ల ప్లాన్ నిజానికి ఈ ఒక్క పట్టికే.

టగ్గులు, అంటే పెద్ద ఓడలను లాగి బెర్తుకు చేర్చే పడవలు, మాత్రం చివరికి వదిలేయండి. కేంద్రం 2024లో గ్రీన్ టగ్ ట్రాన్సిషన్ ప్రోగ్రామ్ ప్రకటించింది. మొదటి విడతలో పారాదీప్ సహా నాలుగు మేజర్ పోర్టులు తలా కనీసం రెండు గ్రీన్ టగ్గులు తెచ్చుకోవాలి. అవి మన తీరపు అలల్లో ఎలా పనిచేస్తాయో చూశాక మీరు దిగొచ్చు. ఈలోగా చవకగా అయ్యే పని ఒకటుంది. పనిలేనప్పుడు జెట్టీకి కట్టి ఉన్న టగ్గులో లైట్లకు, ఏసీకి, వంటింటికి చిన్న జనరేటర్ రాత్రంతా మోగుతూనే ఉంటుంది. జెట్టీ మీద ఉప్పు గాలికి తట్టుకునే 415 వోల్టుల ప్లగ్గు ఒకటి పెట్టించి కేబుల్ ఇవ్వండి. టగ్గు నడిపే సరంగు గారికి ప్రశాంతంగా నిద్ర పడుతుంది, మీకు డీజిల్ మిగులుతుంది.

హైడ్రోజన్ గురించి ఒక స్లైడు పెట్టమంటారు, చూస్తూ ఉండండి. పారాదీప్, కాండ్లా, తూత్తుకుడి పోర్టులను కేంద్రం గ్రీన్ హైడ్రోజన్ హబ్బులుగా ఎంచుకుంది. వాళ్లు చేయనివ్వండి. మీ స్లైడులో బడ్జెట్ గడి ఖాళీగా ఉంచండి.

ప్రశ్న: ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తున్నాను. పోర్టులన్నీ కరెంటుకు మారితే మాకు పని ఉంటుందా? ఇంకేమైనా నేర్చుకోవాలా?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: పని ఉంటుంది తమ్ముడూ, ఇళ్ల వైరింగ్ ఒక్కటే నేర్చుకుంటే మాత్రం కాదు. 11 కేవీ, 33 కేవీ మీద రాతపూర్వక అనుమతి తీసుకుని పనిచేసే పర్మిట్ పద్ధతి, కేబుల్ జాయింటింగ్, మోటారు వేగం మార్చే వేరియబుల్ స్పీడ్ డ్రైవులు – ఈ మూడూ పట్టుకో. ఒడియా రాయడం కూడా వచ్చి ఉంటే షిఫ్టు రిపోర్టులు నువ్వే రాస్తావు, ఆ కుర్చీ తొందరగా దొరుకుతుంది.

ప్రశ్న: మాది వాడబలిజ కుటుంబం, నాన్న చేపల వేటకు వెళ్తారు. ఓడ బెర్తుకు కట్టాక ఇంజిన్ ఆపేస్తారంటారు. మరి పొగగొట్టం నుంచి రాత్రీ పగలూ పొగ ఎందుకొస్తుంది? బయటి దేశాల్లో ఓడకు ఒడ్డు నుంచే కరెంటు ఇస్తారట. మన దగ్గర ఎందుకివ్వరు?
– డిగ్రీ విద్యార్థిని, గోపాలపూర్

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఓడను నడిపే పెద్ద ఇంజిన్ ఆగిపోతుంది నిజమే. లోపల పంపులు, ఫ్యాన్లు, ఫ్రిజ్జులు, లైట్లు, ఓడకు సొంత క్రేన్లుంటే అవీ తిరగాలి కదా. వాటికి కరెంటిచ్చే సహాయక ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయి. మీరు చూసే పొగ వాటిది. 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతా ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించారు, కాబట్టి మునుపటి ఘాటు లేదు. మసి, నైట్రోజన్ వాయువులు మాత్రం ఉన్నాయి.

ఒడ్డు నుంచి ఇచ్చే కరెంటును షోర్ పవర్ అంటారు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ పోర్టు 2000లోనే హై వోల్టేజి మీద ఇచ్చింది. మన దగ్గర చిక్కులేమిటంటే, కరెంటు ఫ్రీక్వెన్సీ మన గ్రిడ్‌లో 50 హెర్ట్జ్, చాలా ఓడల్లో 60 హెర్ట్జ్. మధ్యలో ఖరీదైన కన్వర్టర్ పెట్టాలి. అది పెట్టినా ఓడ వైపు ప్లగ్గు ఉండాలి. బొగ్గు, ఖనిజం మోసే పాత ఓడల్లో చాలావాటికి ఉండదు. యూరప్‌లో కూడా 2030 నుంచి తప్పనిసరి చేసింది పెద్ద పోర్టుల్లో ఆగే కంటైనర్, ప్రయాణికుల ఓడలకే. ఎప్పుడూ అవే ఓడలు వచ్చిపోయే చోట ఇది బాగా నప్పుతుంది. మన దగ్గరికి ఈసారి వచ్చిన ఓడ మళ్లీ రాకపోవచ్చు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మన గ్రిడ్ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఓడ జనరేటర్ కూడా దాదాపు అంతే వదులుతుంది. కాబట్టి మామూలు గ్రిడ్ కరెంటు ఇస్తే భూమి వేడెక్కడంలో తేడా ఏమంత రాదు. మీ వాడ మీదికొచ్చే మసి మాత్రం ఆగుతుంది. నా దృష్టిలో దానికోసమైనా చేయదగ్గ పనే. అయితే సోలార్ లేదా గాలి కరెంటు కొని ఇస్తేనే దాన్ని క్లీన్ ఎనర్జీ అనాలి. పోర్టు వాళ్ల పబ్లిక్ హియరింగ్ జరిగితే వెళ్లి, పొగ గురించి, గుట్టల దుమ్ము గురించి విడివిడిగా అడగండి. రెండూ కలిపి అడిగితే ఒకదానికే జవాబు చెప్పి లేస్తారు.

ప్రశ్న: మా వైపు ఫ్లడ్‌లైట్లన్నీ తీసేసి ఎల్ఈడీలు వేస్తున్నారు. కరెంటు ఆదా అంటున్నారు. రుషికుల్య తాబేళ్లకు ఇది మంచిదేనా?
– ఒక టీచరమ్మ, గంజాం

జవాబు: కరెంటు ఆదా మాట నిజం. తాబేళ్ల మాట వేరు. రుషికుల్య తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో గుంపుగా వచ్చి గుడ్లు పెడతాయి, నెలన్నర దాటాక పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొస్తాయి. ఏ దిక్కు వెలుతురుగా ఉంటే అదే సముద్రమని అటు నడుస్తాయి. వాటి కళ్లకు తెల్ల ఎల్ఈడీలోని నీలి కాంతి బాగా ఆనుతుంది. పాత పసుపు సోడియం దీపాలు కరెంటు ఎక్కువ తిన్నా ఈ విషయంలో కాస్త నయం. ఎల్ఈడీలు వద్దనక్కర్లేదు. ఒడ్డు వైపున్న స్తంభాలకు పసుపు-నారింజ రంగు ఎల్ఈడీలు దొరుకుతాయి, పైన, పక్కన మూత ఉన్నవి, నేల మీదికే వెలుగు పడేలా. మనుషులు క్రేన్ కింద పనిచేసే బెర్తు మీద మాత్రం తెల్ల వెలుతురు తగ్గించొద్దు, అక్కడ ప్రాణాల సంగతి. టెండరు కాగితంలో వాట్లతో పాటు కాంతి రంగు కూడా రాయమని అటవీ శాఖ ద్వారా అడిగించండి. దీపాలు బిగించాక అడిగితే మార్చరు.

ప్రశ్న: నాకు రెండు టిప్పర్లు ఉన్నాయి, పోర్టు కాంట్రాక్టర్ కింద తిప్పుతున్నాను. ముందు ముందు ఎలక్ట్రిక్ బండ్లకే పని అంటున్నారు. ఒకటి అమ్మి ఎలక్ట్రిక్ టిప్పర్ తీసుకోమంటారా?
– ఒక టిప్పర్ యజమాని, ఛత్రపురం

జవాబు: అన్నా, బండి విషయంలో భయం లేదు. పోర్టు లోపలి పని ఎలక్ట్రిక్‌కు తగ్గట్టే ఉంటుంది. దూరం తక్కువ, ఘాట్ రోడ్డు లేదు, ఆగుతూ సాగే నడక. లోడును బట్టి కిలోమీటరుకు ఒకటి, రెండు యూనిట్లు తింటుంది. మీ డీజిల్ బండి కిలోమీటరుకు ఎంత తాగుతుందో మీకే బాగా తెలుసు, రెండూ కాగితం మీద పెట్టి చూసుకోండి.

భయమంతా కాంట్రాక్టు గురించే. బండి లోను ఐదారేళ్లు కట్టాలి, మీ పని ఒప్పందం ఏడాదికో రెండేళ్లకో ఉంటుంది. మధ్యలో కాంట్రాక్టర్ మారితే డీజిల్ టిప్పర్‌ను కంకర క్వారీకి తోలుకోవచ్చు. ఎలక్ట్రిక్ టిప్పర్‌కు చార్జర్ ఉన్న చోటు తప్ప వేరే గతి ఉండదు. కాబట్టి మూడు మాటలు రాతపూర్వకంగా తీసుకోండి: ఒప్పందం లోను కాలానికి సరిపోవాలి, చార్జర్ పోర్టు లోపల వాళ్లే పెట్టాలి, యూనిట్ ధర ఎంతో ముందే చెప్పాలి. పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025 జులైలో ఈ-ట్రక్కుల సబ్సిడీ నిబంధనలు వచ్చాయి. బండి బరువును బట్టి గరిష్ఠంగా 9.6 లక్షల దాకా ఇస్తారు, దానికి పాత డీజిల్ ట్రక్కు స్క్రాప్ సర్టిఫికెట్ చూపించాలి.  మీరు చూసిన టిప్పర్ మోడల్ ఆ జాబితాలో ఉందో లేదో డీలరును లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. నోటిమాట మీద అడ్వాన్సు కట్టకండి. రాతపూర్వకంగా తీసుకోమన్న ఆ మూడు మాటల్లో ఏదైనా తేలకపోతే ఈ ఏడాదికి రెండు డీజిల్ బండ్లూ ఉంచుకోండి చాలు.